జాబులు – జవాబులు: ఇడా లుపినో సినిమా లెక్క

గత సంచికలో హాలీవుడ్ నటి, దర్శకురాలు ఇడా లుపినో (1918–1995) మీద వేసిన పరిచయ వ్యాసానికి జాబులు బాగానే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఇంగ్లండు నుంచి వచ్చి అమెరికాలో తారగా నిలదొక్కుకున్న మనిషి, నటన చాలదని దర్శకత్వంలోకి ఎందుకు దిగింది? – తెనాలి పాఠకురాలు

ఆమె నిలదొక్కుకున్నది ఆలస్యంగా. లండన్ నాటకాల కుటుంబంలో పుట్టిన ఇడాను పారమౌంట్ వాళ్లు 1933లో, పదిహేనేళ్లప్పుడు రప్పించి, జుట్టుకు ప్లాటినం రంగు వేసి కొన్నేళ్లపాటు బొమ్మలాంటి వేషాలే ఇచ్చారు. 1940లో వచ్చిన ‘దే డ్రైవ్ బై నైట్’లో కోర్టు బోనులో మతి చలించే ఘట్టం చూశాక వార్నర్ స్టూడియో ఒప్పందం రాయించుకుంది. అక్కడేమో ఆ స్టూడియో పెద్ద తార బెటీ డేవిస్ కాదన్న వేషాలు ఈమె వాటాకు వచ్చేవి. ‘నేను పేదవాళ్ల బెటీ డేవిస్‌ని’ అని తన మీద తనే జోకు వేసుకుంది. వేషం నచ్చలేదంటే స్టూడియో సస్పెండ్ చేసేది. అంటే జీతం ఆగిపోతుంది, బయట నటించడానికి వీల్లేదు. ఆ ఖాళీలో ఆమె సెట్లకు వెళ్లి కెమెరా వెనక ఏం జరుగుతుందో చూస్తూ కూర్చునేది. 1947లో వార్నర్‌ను వదిలింది, 1948లో అమెరికా పౌరసత్వం తీసుకుంది. దర్శకత్వం మీద మోజుతో దిగిందనడం కంటే, ఒకరు వదిలేసిన వేషాల కోసం ఎదురుచూడటం విసుగొచ్చి దిగిందనడమే సబబు.

ప్రశ్న: ‘నాట్ వాంటెడ్’ (1949) ఆమె తొలి సినిమా అన్నారు. టైటిల్స్‌లో ఎల్మర్ క్లిఫ్టన్ పేరుందే? – కరీంనగర్ పాఠకుడు

రెండూ నిజమే. పని మొదలవుతుండగానే క్లిఫ్టన్‌కు గుండెపోటు వచ్చింది. మరో దర్శకుణ్ణి పెట్టుకునే స్తోమత చిన్న కంపెనీకి లేదు. నిర్మాతల్లో ఒకరూ, కథలో చెయ్యి ఉన్నదీ కాబట్టి ఇడాయే తీసేసింది, పేరు మాత్రం ఆయనదే ఉంచింది. తన పేరుతో దర్శకత్వం చేసిన మొదటిది ఆ వెంటనే వచ్చిన ‘నెవర్ ఫియర్’. హాలీవుడ్ దర్శకుల సంఘమైన డైరెక్టర్స్ గిల్డ్‌లో డొరతీ ఆర్జ్‌నర్ తర్వాత సభ్యత్వం దొరికిన మహిళ ఈమే.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి తక్కువ ఖర్చులో సినిమా తీద్దామనుకుంటున్నాం. ఆమె పద్ధతుల్లో ఇప్పటికీ పనికొచ్చేవి ఏమిటి? – విశాఖపట్నం పాఠకులు

మొదటిది సెట్టు వెయ్యకపోవడం. పార్కులు, వీధులు, చైనాటౌన్ లాంటి చోట్లకు యూనిట్‌ను తీసుకెళ్లి అద్దె తప్పించుకుంది. ‘నెవర్ ఫియర్’ పోలియో వచ్చిన నర్తకి కథ. శాంటా మోనికాలో నిజంగా ఆ చికిత్స చేసే కేంద్రంలోనే తీసి, అక్కడి రోగులనే తెర మీదకు తెచ్చింది. ఇడాకూ 1934లో పోలియో వచ్చింది కాబట్టి ఏ కదలిక నిజం, ఏది నటన అన్నది ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయితే ఆ సినిమాకు డబ్బులు రాలేదు. ఖర్చు తగ్గినంత మాత్రాన సినిమా ఆడుతుందనుకోకండి.

రెండోది ఏ షాటు ఎక్కడి నుంచో ముందే తేల్చుకుని లొకేషన్‌కు వెళ్లడం. రీటేకులు తగ్గితే ఫిల్ము మిగులుతుంది. మీకిప్పుడు ఫిల్ము ఖర్చు లేకపోయినా వెలుతురు పోతుంది, నటుల టైం పోతుంది, బయట పర్మిషన్ గడువు అయిపోతుంది. మూడోది సరుకుల ప్రచారం. ఆమె తీసిన ‘ది బిగమిస్ట్’ (1953)లో కోకాకోలా, కాడిలాక్ లాంటివి కనిపించేది ఊరికే కాదు. ఇది పొదుపుగా వాడాల్సిన మందు. కథ ఆపి సీసా చూపించారంటే నవ్వులపాలే.

అన్నిటికంటే చూసి నేర్చుకోవాల్సింది ‘ది హిచ్-హైకర్’ (1953). 71 నిమిషాలు, ఒక కారు, ముగ్గురు మగవాళ్లు, కాలిఫోర్నియాలోని అలబామా హిల్స్ రాళ్లగుట్టలు. ఇద్దరు స్నేహితులు దారిలో ఒకణ్ణి ఎక్కించుకుంటారు. వెనక సీట్లో వాడి ముఖం చీకట్లో ఉంటుంది. తుపాకీ బయటికొస్తుంది, తర్వాత ముఖం వెలుగులోకి వంగుతుంది. కెమెరామన్ నికొలస్ ముసురాకా లైటింగ్ అది. హంతకుడికి ఒక కన్ను మూతపడదు. వాడు నిద్రపోతున్నాడో, చూస్తున్నాడో తెలియక బందీలు కదలలేరు. రాత్రంతా సస్పెన్సు నడపడానికి ఒక్క కనురెప్ప సరిపోయింది, పైసా ఖర్చు లేదు. కథ నడిచేది మెక్సికోలో. అక్కడి మనుషులు స్పానిష్‌లోనే మాట్లాడతారు, సబ్‌టైటిళ్లు ఉండవు. భాష రాని హంతకుడు అనుమానంతో ఉడికిపోతుంటాడు.

సెన్సారు అడ్డంకిని ఆమె ఎలా దాటిందో ‘అవుట్‌రేజ్’ (1950)లో చూడండి. కథంతా అత్యాచారం గురించే, ఆ మాట మాత్రం ఎవరూ అనకూడదు. నిర్మానుష్యమైన వీధుల్లో అమ్మాయి పరుగు, ఆగకుండా మోగే లారీ హారన్, ఆ మోతకు పైఅంతస్తులో ఒకాయన కిటికీ వేసేసుకోవడం. అంతే.

ప్రశ్న: ఇంత తెలిసిన మనిషి కంపెనీ ఎందుకు మూతపడింది? – హైదరాబాద్ పాఠకుడు

పంపిణీ దగ్గర. భర్త కాలియర్ యంగ్, రచయిత మాల్విన్ వాల్డ్‌లతో పెట్టిన ‘ది ఫిల్మేకర్స్’ సంస్థకు హోవర్డ్ హ్యూస్ చేతిలోని ఆర్‌కేఓ స్టూడియో డబ్బు పెట్టి, సినిమాను థియేటర్లకు చేర్చేది. అందుకు లాభంలో వాటా పోయేది. ‘ది బిగమిస్ట్’ నాటికి ఆ వాటా ఎందుకివ్వాలని సొంత పంపిణీకి దిగారు. ప్రింట్లు, పోస్టర్లు, ఊరూరా ఏజెంట్లు, థియేటర్ల నుంచి వసూళ్లు రాబట్టడం – ఏడాదికి ఒకటీ రెండూ తీసే కంపెనీకి మోయలేని బరువు. పెద్ద పంపిణీదారు దగ్గర తర్వాతి నెల బొమ్మ ఉంటుంది, అది కావాలని థియేటరు వాడు బాకీ కడతాడు. వీళ్ల దగ్గర ఆ పట్టు లేదు. 1955కల్లా సంస్థ ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఎక్కువగా టీవీకి పని చేసింది. ‘ది ట్విలైట్ జోన్’లో ‘ది మాస్క్స్’ (1964) ఎపిసోడ్ ఆమెదే, ఆ పాత సిరీస్‌కు దర్శకత్వం చేసిన మహిళ ఆమె ఒక్కతే. సినిమా మళ్లీ ఒక్కటే, 1966లో.

ప్రశ్న: మన భానుమతి గారితో పోల్చవచ్చా? – ఒంగోలు పాఠకురాలు

కొంతవరకు. భానుమతి గారు ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేసిందీ 1953లోనే. ఆవిడకు భరణి పిక్చర్స్ సొంతం, పైగా తెర మీద నాయిక కూడా ఆవిడే. ఇడా తన సినిమాల్లో నటించడం అరుదు. ‘ది బిగమిస్ట్’లో నటించింది.

ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్బులో ‘ది హిచ్-హైకర్’ వెయ్యాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? – హనుమకొండ పాఠకుడు

సినిమాకు కాపీరైటు లేదు. అమెరికాలో ఆనాటి చట్టం ప్రకారం 28వ ఏట రెన్యువల్ చేయించాలి, ఈ చిత్రానికి చేయించలేదు. మన దేశంలో సినిమాకు గడువు 60 ఏళ్లు, 2013 చివరితో అదీ తీరింది. కానీ కొత్తగా ఎవరైనా రాసిన సబ్‌టైటిళ్లు వాడుకుంటే వాళ్లను అడగాల్సిందే. టికెట్టు పెట్టి బహిరంగంగా వేస్తే సెన్సారు సంగతి వేరే ఉంటుంది కాబట్టి, సభ్యులకే పరిమితం చేసుకుని క్లబ్బు రిజిస్ట్రేషన్ కాగితాలు దగ్గర పెట్టుకోండి. కాపీ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. నెట్‌లో తిరిగే వాటిలో చాలావరకు అరిగిన ప్రింట్ల నుంచి తీసినవి, రాత్రి సీన్లు నల్లముద్దలా ఉంటాయి. డౌన్‌లోడ్ చేశాక నేరుగా వెనక సీటు సీనుకు వెళ్లండి. హంతకుడి ముఖం వెలుగులోకి వచ్చినప్పుడు రెండు కళ్లూ విడివిడిగా కనబడకపోతే ఆ కాపీ వద్దు, పునరుద్ధరించిన డిస్క్ తెప్పించుకోండి.