కాస్టిక్ సోడాలో ముంచిన నూలు బలహీనపడదా?

చెన్నై టీ నగర్ దుకాణాల్లో ‘మెర్సరైజ్డ్’ (కాస్టిక్ సోడా అనే బలమైన క్షారంలో ముంచి తీసినది) అని రాసి అమ్మే నూలు బట్టను చూసి, క్షారంలో ముంచిన గుడ్డ త్వరగా చిరిగిపోదా అని ఒకరు అడిగారు. చిరగదు, పద్ధతిగా చేస్తే దాని బలం పెరుగుతుంది.

మామూలు పత్తి పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే మెలికలు తిరిగిన చదునైన పట్టీలా ఉంటుంది. అడ్డంగా కోస్తే చిక్కుడు గింజ ఆకారంలో, నడుమ సన్నని బోలుతో కనిపిస్తుంది. సుమారు 20 శాతం గాఢత గల చల్లని కాస్టిక్ సోడా ద్రావణం తగలగానే ఆ పోగు ఉబ్బి, మెలికలు చాలావరకు విడిపోయి, దాదాపు గుండ్రంగా మారుతుంది, బోలు కుంచించుకుపోతుంది. లోపల పత్తికి మూలపదార్థమైన సెల్యులోజ్ అణువుల పొడవాటి గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సడలి, క్షారాన్ని కడిగేశాక కొత్త అమరికలో మళ్లీ ఏర్పడతాయి. గొలుసులు క్రమంగా, దగ్గరగా పేర్చుకున్న స్ఫటిక భాగం కొంత తగ్గుతుంది గనుక రంగు బాగా పడుతుంది.

1844లో ఇంగ్లండ్ రసాయనవేత్త జాన్ మెర్సర్ దీన్ని గమనించినప్పుడు బట్ట ముడుచుకుపోయింది. తర్వాత 1890 ప్రాంతంలో హోరేస్ లో (Lowe) అనే ఆయన బట్టను బిగించి పట్టి ముంచడంతో మెరుపు వచ్చింది. నా దృష్టిలో కీలకం ఈ బిగింపే, ఎందుకంటే గొలుసులు పోగు పొడవు వెంట మరింత వరుసగా సర్దుకుని, లాగినప్పుడు భారాన్ని సమంగా పంచుకుంటాయి.

నిజంగా జాగ్రత్తపడవలసింది గాలి తగిలే వేడి క్షారం విషయంలో. అక్కడ ఆక్సిజన్ సెల్యులోజ్ గొలుసులనే తెంచి నూలును పెళుసుగా చేస్తుంది.