కనబడని జంతువులను ఎలా లెక్కపెడతారు?

ప్రశ్న: డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. వన్యప్రాణుల సంఖ్యను అధ్యయనం చేసే పరిశోధకురాలిని కావాలని నా కోరిక. కానీ లెక్కలంటే భయం. జంతువుల మీద ప్రేమ, అడవిలో తిరిగే ఓపిక ఉంటే చాలదా? అయినా లెక్కపెట్టినంత మాత్రాన అవి బతుకుతాయా?
– ఒక విద్యార్థిని

జవాబు: చాలదమ్మా. ఈ వృత్తిలోనే తల నెరిసినదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ప్రేమ, ఓపిక లేనివాళ్లు ఈ పనిలో నిలబడలేరు, నిజమే. కానీ అడవిలో మన కంటపడే జంతువులకంటే పడనివే ఎక్కువ. అవి ఎన్నో చెప్పగలగడమే మా విద్య.

మీరూ మీ స్నేహితురాలూ ఒకే తోపులో విడివిడిగా తిరిగి, మాట్లాడుకోకుండా పక్షిగూళ్లు రాసుకున్నారనుకోండి. మీకు 20, ఆమెకు 18 కనిపించాయి. ఇద్దరికీ కనిపించినవి 15. అంటే ఆమె చూసిన వాటిలో ఆరింట ఐదు వంతులు మీరూ చూశారు. తోపు మొత్తం మీద మీ చూపు అంతే పట్టగలదనుకుంటే, మీ 20 గూళ్లు మొత్తంలో ఆరింట ఐదు వంతులు. కాబట్టి మొత్తం 24. మీ ఇద్దరి జాబితాలూ కలిపితే 23 మాత్రమే. ఎవరి కంటా పడని గూడు ఇంకొకటి ఉంది!

దీంట్లో భయపడాల్సింది ఏముంది? 1930లో ఫ్రెడరిక్ లింకన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉత్తర అమెరికా బాతుల సంఖ్యను అంచనా వేసింది ఈ తర్కంతోనే, కాళ్లకు రింగులు తొడిగిన బాతుల ఆధారంగా. కర్ణాటకలోని నాగరహొళె అడవి పులులకు వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ ఇదే పద్ధతిని వాడి 1995లో ప్రచురించారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి అడవిలో అమర్చిన కెమెరాల ఫోటోలే గుర్తులయ్యాయి.

కష్టమంతా అంకెను అనుమానించడంలో ఉంది. ఒకసారి బోనులో పడ్డాక గుర్తు వేసి వదిలిన ఎలుక బెదిరి మళ్లీ అటు రాలేదనుకోండి. రెండోసారి గుర్తు వేసినవి తక్కువగా దొరుకుతాయి, అంచనా అమాంతం పెరుగుతుంది. లేని జంతువులతో కాగితం మీది అడవి నిండిపోతుంది. దాన్ని నమ్మి అధికారులు నిశ్చింతగా కూర్చుంటే నష్టపోయేది ఆ మూగజీవాలే. అందుకే నా విద్యార్థులు ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే ఒప్పుకోను. ఎంత అటూ ఇటూగా అన్నది కూడా చెప్పాల్సిందే.

లెక్కపెడితే బతుకుతాయా అన్నారు. అమెరికాలో లాగర్‌హెడ్ సముద్రపు తాబేళ్ల సంరక్షణ అంటే చాలాకాలం ప్రధానంగా ఒడ్డున గుడ్లను కాపాడటమే. 1987లో క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు తాబేలు జీవితంలో ఒక్కో దశలో ఎన్ని బతుకుతున్నాయో లెక్కగట్టారు. గుడ్ల దశలో ఒక్కటీ చావకపోయినా తగ్గుదల ఆగదని తేలింది. కాపాడాల్సింది ఎదుగుతున్న వయసు తాబేళ్లను. అవి రొయ్యలు పట్టే మరపడవల (ట్రాలర్ల) వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతున్నాయి. తాబేలు తప్పించుకునే మార్గాన్ని వలలోనే అమర్చాలన్న నిబంధనకు ఆ లెక్క గట్టి ఆధారమైంది. అది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఒక ఇబ్బంది మాత్రం ముందే తెలుసుకోండి. ఏనుగు గర్భమే దాదాపు 22 నెలలు. పరిశోధనకు నిధులిచ్చేది సాధారణంగా రెండు మూడేళ్లకు. ఒక్క కాన్పు చూసేసరికే డబ్బు అయిపోవస్తుంది. అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లు, మూస్ దుప్పుల అధ్యయనం 1958 నుంచి సాగుతోందంటే, ఒక తరం మొదలుపెట్టిన పనిని తర్వాతి తరం అందుకోవడం వల్లే. మీ వృత్తిజీవితంలో సగం నిధుల దరఖాస్తులకే పోవచ్చు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

గణాంకశాస్త్రం ఒక పాఠ్యాంశంగా తీసుకోండి. ఆ లెక్కలకు వాడే ఆర్ (R) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. సెలవుల్లో ఏదైనా సర్వేలో స్వచ్ఛందంగా చేరండి. కెమెరా ఫోటోలు వేరుచేసే పని ఇస్తే చిన్నబుచ్చుకోకండి. గాలికి ఊగిన గడ్డి ఫోటోలే వేలల్లో ఉంటాయి. వాటి మధ్య కూర్చుని, ఈ చోట దుప్పి నిజంగా లేదా, లేక కెమెరాకు చిక్కలేదా అన్న సందేహం మీకు కలిగితే నాకు మళ్లీ రాయండి. తర్వాత ఏం చదవాలో అప్పుడు వివరంగా చెబుతాను.