గడ్డను ఎటు నుంచి తీస్తారు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏండ్లు. పత్తి ఏరను, నాట్లకు పోతది. పెద్దపేగు చివర, సిగ్మాయిడ్ దగ్గర 3 సెంటీమీటర్ల గడ్డ ఉంది, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. కీహోల్‌లో ఆపరేషన్ చేసి గడ్డను మలద్వారం నుంచి తీస్తామంటున్నరు. అమ్మేమో సిగ్గుతో ‘వద్దు, పొట్టే కోయుమను’ అంటున్నది. ఏం చెయ్యాలె?
- ఓ పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ అమ్మగారికి ఈ ఒక్క సంగతి చెప్పండి. ఆ భాగం తీసేశాక పేగు కొసలు రెండూ కలపాలి కదా, పొట్ట కోసినా సరే, ఆ పని చేసే గుండ్రటి స్టేప్లర్‌ను చాలావరకు మలద్వారం నుంచే లోపలికి పంపుతాం. ఆమె అప్పుడు పూర్తి మత్తులో ఉంటుంది.

మామూలు కీహోల్‌లో రంధ్రాలు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు ఉంటాయి. పేగు ముక్క అందులోంచి రాదు. అందుకే చివర్లో 4–6 సెంటీమీటర్ల కోత పెడతాం. నొప్పి, చీము, తర్వాత కుట్టు జారి హెర్నియా, ఇవన్నీ ఎక్కువగా ఆ కోత దగ్గరే. వంగి నాటేసే మనిషికి అది చిన్న విషయం కాదు. మీరు చెప్పిన పద్ధతిలో ఆ కోత ఉండదు. తెరిచి ఉంచిన పేగు కొస గుండా పల్చటి ప్లాస్టిక్ తొడుగు పైకి పంపి, ముక్కను అందులోకి ఎక్కించి మెల్లగా కిందికి లాగుతారు. క్యాన్సర్ కణాలు దారిలో అంటకుండా ఉండేందుకే ఆ తొడుగు. లాగేటప్పుడు తొందర పనికిరాదు, మలాన్ని ఆపే కండరం సాగుతుంది. కొన్నాళ్లు ‘వస్తే ఆగదు’ అన్నట్టు ఉండొచ్చు, ఎక్కువమందికి సర్దుకుంటుంది.

లోపల కోసేది మాత్రం ఏమీ తగ్గదు. పేగుతో పాటు దాని కొవ్వు పొర, పరీక్షకు కనీసం 12 లింఫు గ్రంథులు రావాలి. చిక్కంతా ఆ కొవ్వుతోనే. నకిరేకల్ నిమ్మకాయంత గడ్డయితే వస్తుంది, బత్తాయంతదయితే రాదు. కానీ నిమ్మకాయంత గడ్డకే బత్తాయంత కొవ్వు చుట్టుకుని ఉంటే? లావుగా ఉన్నవాళ్లలో అదే జరుగుతుంది. ఆడవాళ్లకు యోని దారి కూడా ఉంది, అక్కడ కాస్త పెద్దదీ పడుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి మాత్రం అది వద్దంటాం.

ముక్క పట్టకపోతే బొడ్డు కింద కోత పెట్టే తీస్తారు. అందుకు సర్జన్ మీద కోపం తెచ్చుకోకండి. సంతకం పెట్టే కాగితంలో రెండు దారులూ రాశారో లేదో ముందే చదివించుకోండి.