టెన్నిస్ స్కాలర్‌షిప్ 40 శాతమే, మిగతాది ఎన్‌ఐఎల్‌తో వచ్చేస్తుందా?

మీ అబ్బాయికి డివిజన్ 1, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయిలో ఉన్న కాలేజీ నుంచి టెన్నిస్ ఆఫర్ వచ్చిందనీ, స్కాలర్‌షిప్ 40 శాతమేననీ, మిగతా 60 శాతం ఎన్‌ఐఎల్ డబ్బుతో, అంటే ఆటగాడు తన పేరూ ఫోటో వాడుకోనిచ్చి సంపాదించే డబ్బుతో సర్దుకోవచ్చని అకాడమీలో చెబుతున్నారనీ రాశారు. అదే కాలేజీకి హైదరాబాద్ నుంచి వస్తున్న మీ అక్కగారబ్బాయికి కూడా ఇది కుదురుతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 60 శాతం నాలుగేళ్లూ మీ చేతి నుంచి కట్టగలమనుకుంటేనే సరేననండి. ఇంటి లెక్కలో ఎన్‌ఐఎల్ దగ్గర సున్నా వేసుకోండి. మీ అక్కగారబ్బాయి మాత్రం అమెరికాలో ఉన్నంతకాలం దాని జోలికి పోకూడదు. ఎందుకంటున్నానో మా ఇంట్లో జరిగినదాన్నిబట్టి చెబుతాను.

మాది డాలస్ శివారు. మావాడు 2021 ఆగస్టులో కాలేజీ టెన్నిస్ టీములో చేరాడు. అంతకు కొద్ది వారాల ముందే, జూలై 1న, ఆటగాళ్లు తమ నేమ్, ఇమేజ్, లైక్‌నెస్ (ఎన్‌ఐఎల్) మీద, అంటే పేరు మీద, రూపం మీద సంపాదించుకోవచ్చని కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. అంతకుముందు ఎంత బిగించి ఉంచారంటే, 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కిక్కర్ డొనాల్డ్ డి లా హే, తన యూట్యూబ్ వీడియోల మీద వచ్చే డబ్బు వదులుకోనన్నందుకు కాలేజీలో ఆడే అర్హతే పోగొట్టుకున్నాడు. యూసీఎల్ఏలో బాస్కెట్‌బాల్ ఆడిన ఎడ్ ఒబానన్, కాలేజీ వదిలిన చాలా ఏళ్లకు ఒక వీడియో గేములో అచ్చం తనలాంటి బొమ్మ ఆడుతుంటే చూసి 2009లో కేసు వేశాడు. గేము అమ్ముడుపోయింది, ఆయనకు పైసా రాలేదు. ఇలాంటివాళ్లు పోరాడి పోరాడి, చివరికి 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీం కోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఎన్‌సీఏఏ వాదన కొట్టేశాక గానీ, ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన సాయం గురించే అయినా, తర్వాత పది రోజులకే ఎన్‌ఐఎల్ వచ్చింది. పిల్లలకు ఇది న్యాయంగా దక్కాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. కింద రాసే జాగ్రత్తలన్నీ చదివి నేను దీనికి వ్యతిరేకినని అనుకోకండి.

మన భాషలో పేరు అంటే పిలిచే పేరూ ఉంది, వచ్చే పేరూ ఉంది. ఎన్‌ఐఎల్‌లో డబ్బు తెచ్చేది రెండోది. అయోవా యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నప్పుడే కెయిట్లిన్ క్లార్క్‌కు నైకీ, గెటొరేడ్ వంటి కంపెనీలు డబ్బిచ్చాయి. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో జిమ్నాస్ట్‌గా ఉన్న ఒలీవియా డన్‌కు సోషల్ మీడియాలో లక్షల మంది ఫాలోవర్లు ఉన్నారు. కాలేజీ టెన్నిస్ మ్యాచ్‌కు వచ్చేదెవరు? మావాడి హోమ్ మ్యాచ్‌లకు నేను వెళ్లిన రోజుల్లో బెంచీల మీద నలభై మంది ఉంటే గొప్ప. అందులో సగం అమ్మానాన్నలం.

ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి 2025 జూన్‌లో కోర్టు ఆమోదం వచ్చాక కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వచ్చన్నారు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఈ అంకె చూసే మీ అకాడమీలో అలా మాట్లాడుతున్నారని నా అనుమానం. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కీ, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కీ పోతోంది. పైగా అది పరిమితే గానీ, ప్రతి కాలేజీ అంత పంచుతుందని కాదు.

ఇక మావాడి సంపాదన. మొదటి ఏడాది ఒక రాకెట్ బ్యాగు, కొన్ని గ్రిప్పులు. అంతే. ఆ వేసవిలో ఇంటికొచ్చాక మా ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. మా చుట్టుపక్కల తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, గుజరాతీ పిల్లలు ఎంతమంది టెన్నిస్ నేర్చుకుంటున్నారో మీకూ తెలుసు. పాత నియమాల్లో కాలేజీ ఆటగాడు పాఠం చెప్పి డబ్బు తీసుకోవచ్చు గానీ, దాని ప్రచారానికి తన పేరూ ఫోటో వాడుకోకూడదు. ఇప్పుడు వాడుకోవచ్చు. టీము లోగో లేకుండా, కాలేజీ కోర్టులు వాడకుండా, వాడి ఫోటోతో ఒక పోస్టరు తయారుచేసి, కాలేజీలో ఈ నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు ముందే చూపించి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. పది మంది పిల్లలు వచ్చారు. నాలుగు వారాలు, వారానికి 150 డాలర్లు. ఎండ ముదరకముందే పొద్దున ఏడింటికల్లా సిటీ పార్కు కోర్టులో ఉండేవాడు. మొత్తం 6,000 వచ్చింది. కోర్టు అద్దె, బంతులు, నీళ్లు పోగా 4,600 మిగిలింది. టీవీలో కనిపించని ఆటల పిల్లలకు నాకు తెలిసి దారి ఇదే. దేశానికి తెలియకపోయినా, వాడి సర్వ్ ఎలాంటిదో మా పేటలో తెలుసు. ఒక్క వేసవిలో వాడిలో వచ్చిన మార్పు కూడా చెప్పాలి. ఏడేళ్ల పిల్లకు బ్యాక్‌హ్యాండ్ నేర్పడానికి మూడు రోజులు తంటాలు పడి, నాలుగో రోజు ఆ పిల్ల బంతి నెట్ దాటిస్తే ఇంటికొచ్చి అన్నం తినకుండా అదే చెప్పాడు.

తర్వాత టాక్స్. వాడి ఆదాయం తక్కువ కాబట్టి ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ పడదని నేను ధీమాగా ఉన్నాను. నిజమే, పడలేదు. కానీ ఎన్‌ఐఎల్ డబ్బు జీతం కాదు, సొంత వ్యాపారం కింద లెక్క. ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు మిగిలితే చాలు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ మొదలవుతుంది, 15.3 శాతం. 4,600 మీద దాదాపు 650 డాలర్లు కట్టాం. ఊరికే ఇచ్చిన రాకెట్లకూ బూట్లకూ కూడా ధర కట్టి ఆదాయంలో చూపించాలి. మీ కుటుంబానికి ఆదాయాన్నిబట్టి వచ్చే సాయం ఏదైనా ఉంటే, ఈ సంపాదన దాన్ని తగ్గించవచ్చు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును ఆ సంగతి ముందే అడగండి. మొదటి డాలర్ నుంచీ రసీదులు ఒక డబ్బాలో వేయించండి.

కాంట్రాక్టుల దగ్గరే నాకు గుండె జారిన సందర్భం వచ్చింది. రెండో ఏడాది ఒక ఎనర్జీ డ్రింక్ కంపెనీ మూడు ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకు 500 డాలర్లు ఇస్తానంది. మావాడు ఎగిరి గంతేశాడు. తొమ్మిది పేజీల కాగితం, ఫోన్‌లో వేలితో సంతకం చేస్తే చాలు. ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది: ఈ ఆటగాడి పేరు, ఫోటో, గొంతు శాశ్వతంగా, ప్రపంచమంతటా వాడుకునే హక్కు కంపెనీది. 500 డాలర్లకు వాడి ముఖం వాడికి యాభై ఏళ్లు వచ్చాక కూడా వాళ్ల డబ్బా మీద ఉండొచ్చన్నమాట. ఇంకో వాక్యం ప్రకారం వేరే ఏ పానీయం పేరూ ఎత్తకూడదు. టీముకు అప్పటికే వేరే డ్రింక్ కంపెనీతో ఒప్పందం ఉంది. కంప్లయన్స్ ఆఫీసులో ఒకావిడ రెండూ ఎర్ర సిరాతో గీసి చూపించారు. ఆట ముగిశాక ఇలాంటి ఒప్పందం సాగకూడదని కొన్ని రాష్ట్రాల చట్టాల్లోనే ఉంది. గడువు ఒక సెమిస్టరుకు తగ్గించమని మెయిల్ పెడితే ఆ కంపెనీ మళ్లీ జవాబివ్వలేదు. మావాడు వారం రోజులు ముభావంగా ఉన్నాడు. నాకేం బాధ లేదు.

ఇప్పుడైతే 600 డాలర్లు, ఆపైన ఉన్న బయటి ఒప్పందాలను ఎన్‌ఐఎల్ గో అనే పోర్టల్‌లో చూపించాలి. ఆ డబ్బు నిజంగా వ్యాపారం కోసమేనా, లేక ఆటగాణ్ణి టీములోకి లాగడానికి ఇస్తున్న ముడుపా అని అక్కడ చూస్తారు.

మీవాడిది టెన్నిస్ కాబట్టి ఇంకొకటి. ప్రైజ్ మనీ వేరు, ఎన్‌ఐఎల్ వేరు. 2024 యూఎస్ ఓపెన్‌లో ఆస్ట్రేలియా అమ్మాయి మాయా జాయింట్ మొదటి రౌండు గెలిచి 1,40,000 డాలర్లు సంపాదించింది. కాలేజీలో ఆడాలంటే అందులో చాలామటుకు వదులుకోవాల్సి వచ్చింది. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన నిషేశ్ బసవారెడ్డి 2024 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఆ స్థాయి ఉన్న పిల్లాడి లెక్కే వేరు. మీవాడు ఏ టోర్నమెంటులో డబ్బు తీసుకున్నా, తీసుకునే ముందే కాలేజీని అడగండి.

చివరిగా మీ అక్కగారబ్బాయి. ఇది రాయడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది. మావాడి డబుల్స్ జోడీ హైదరాబాద్ పిల్లాడే, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. సాకేత్ మైనేని అలబామాలో, సహజ యామలపల్లి సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి పైకి వచ్చినట్టే తనూ రావాలని వచ్చాడు. ఇద్దరూ కలిసి గెలుస్తున్నారని చూసి ఊళ్లో రెస్టారెంటు నడిపే గుంటూరు ఆయన ఒకరు ఇద్దరి ఫోటోతో పోస్టరు వేస్తాననీ, ఒక్కొక్కరికి 300 డాలర్లు, నెల రోజులు భోజనం ఇస్తాననీ అన్నారు. మనసున్న మనిషి. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు వద్దంది. ప్రకటన కోసం ఫోటోకు నిలబడటమే అనుమతి లేని ఉద్యోగం కింద రావచ్చు, డబ్బుకు బదులు భోజనం తీసుకున్నా అంతే. వీసా స్టేటస్ పోతే ఆటా, చదువూ రెండూ పోతాయి. చివరికి ఆ పోస్టరు మీద మావాడొక్కడే ఉన్నాడు. ఆ పిల్లాడు మా ఇంట్లో కూర్చుని, "ఏం పర్లేదు అంకుల్" అన్నాడు. వాడి ముఖం నేను మర్చిపోలేదు. వాడి ఒక్కడి కథే కాదిది. పర్డ్యూ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడి, రెండేళ్లు వరసగా దేశంలోనే మేటి కాలేజీ ఆటగాడనిపించుకున్న కెనడా కుర్రాడు జాక్ ఈడీకీ వీసా ఇలాగే అడ్డొచ్చింది. కాంగో నుంచి వచ్చిన కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ చిబ్వే, 2022లో టీము బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఉండగా ఎన్‌ఐఎల్ పనులు చేసుకున్నాడు. అమెరికా బయట చేసే పనికి ఈ అడ్డు లేదు కాబట్టి.

మావాడి జోడీ కూడా ఇమిగ్రేషన్ లాయరును కలిసి ఆ దారే పట్టాడు. వేసవిలో హైదరాబాద్ వెళ్లి, అక్కడి అకాడమీలో పిల్లలకు రెండు వారాలు క్యాంపు పెట్టి, రూపాయల్లో తీసుకున్నాడు. దాని గురించిన పోస్టులు కూడా అక్కడ ఉండగానే పెట్టి ముగించాడు. మీ అక్కగారబ్బాయికి ఇన్‌స్టాగ్రామ్‌లోనో యూట్యూబ్‌లోనో డబ్బొచ్చే ఖాతా ఏదైనా ఉంటే, విమానం ఎక్కకముందే లాయరుకు చూపించమనండి. ఒక గంట ఫీజుకు వెనకాడొద్దు.

మీరు కోచ్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పోయిన ఏడాది మీ మగపిల్లల టెన్నిస్ టీములో ఎంతమందికి కాలేజీ నుంచి నేరుగా డబ్బొచ్చింది, ఎంత? ఫోన్లో అడగొద్దు, మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చాక, సంతకం చేయకముందు, కావాలంటే ఇక్కడ రాయండి. కూర్చుని లెక్క చూద్దాం.