మాంసపు పశువుల ఇండెక్సులు మన చిన్న మందలకు పనికొస్తాయా? మా మేకల నుంచి నా జవాబు

ప్రశ్న ఇది: "విదేశాల్లో మాంసపు పశువులకి సెలక్షన్ ఇండెక్సు చూసి ఆబోతుల్ని ఎంచుకుంటారట. దానివల్ల నిజంగా లాభం పెరుగుతుందా? మన దగ్గర చిన్న రైతు దాన్ని వాడగలడా?"

పెరుగుతుంది, వాడగలడు కూడా. ఇండెక్సు అంటే పశువు లక్షణాలకి డబ్బు విలువ కట్టి, అన్నీ కలిపి వేసే ఒకే అంకె. కాకపోతే మా దగ్గర ఆవుల మీద కాదు, మేకల మీద. మాది గజపతి జిల్లా, కాశీనగర్ పక్కన వంశధార ఒడ్డు పల్లె. ఒడిశాలో 1960 నుంచే గోవధ నిషేధ చట్టం ఉంది. ఇక్కడ మాంసం డబ్బంటే మేక డబ్బే. తాతల నాటి నుంచి మా ఇంట్లో ఉన్నవి గంజాం మేకలు.

అమెరికా వాళ్ళకి ఈ బుద్ధి ఊరికే రాలేదు. 1940లు, 50లలో అక్కడి ప్రదర్శనల్లో పొట్టిగా, దిట్టంగా ఉన్న ఆబోతులకే బహుమతులు ఇచ్చేవారు. ఆ మోజులో హియర్‌ఫర్డ్, యాంగస్ అనే మాంసపు జాతుల మందల్లో మరుగుజ్జు దూడలు పుట్టే లోపం పాకిపోయింది. 1970ల నాటికి మోజు తిరగబడింది. ఎత్తు కోసం ఎగబడ్డారు, ఆవులు భారీ అయిపోయాయి, మేత ఖర్చూ పెరిగింది. లానోయ్ హేజెల్ అనే అమెరికా పశుజన్యు శాస్త్రవేత్త 1943లోనే దారి చూపించాడు: ఒక్క లక్షణం వెంట పడొద్దు, ఏ లక్షణం ఎంత డబ్బు తెస్తుందో దాన్ని బట్టి విలువ కట్టి, అన్నీ కలిపి ఒకే అంకె చెయ్యండి అని. ఇవాళ యాంగస్ సంఘం ఆబోతు పేరు పక్కన డాలర్లలో అంకె వేస్తోంది. ఐర్లండ్‌లో ఇంకా నయం, రెండు వేర్వేరు అంకెలు: కోతకి పోయే దూడలకి తండ్రి కావాలంటే ఒకటి, మందలో నిలుపుకునే పెయ్యలకి తండ్రి కావాలంటే మరొకటి. ఈ రెండో అంకె విలువ మన కాపర్లకి తెలిస్తే సగం సమస్య తీరిపోతుంది.

మా వైపు మంచి మగపిల్ల గతి ఏమవుతుందో చెప్తాను. ఒడియావాళ్ళకి ఖాసీ, అంటే విత్తులు నొక్కించిన మేక, మాంసం అంటే ప్రాణం. రజ పండక్కి, దసరాకి ఖాసీకి పలికిన ధర పోతుకి పలకదు. అందుకని ఏ పిల్ల ముందు ఎదిగితే దానికే ముందు విత్తులు నొక్కించేస్తారు. ఎవరూ బేరమాడని బక్క పిల్ల మిగిలిపోయి, మందలో తిరిగి, అన్నిటికీ తండ్రవుతుంది. తరాలుగా ఇదే జరుగుతోంది. పైగా "గంజాం మేక ఎదగదండీ" అని జాతి మీద నింద. ఏటేటా గట్టి గింజలు అమ్మేసి తాలు గింజలు విత్తుకుంటే ఏ పంట ఎదుగుతుంది?

ఇంటర్ అయ్యాక నేను మందకి పుస్తకం పెట్టాను. చెవికి బిళ్ళ, పుట్టిన తేదీ, ఒంటి పిల్లా కవలా, తల్లికి ఎన్నో ఈత, పుట్టినప్పటి తూకం, మూడు నెలల తూకం. స్ప్రింగు కాటా, పిల్లని కూర్చోబెట్టి వేలాడదీయడానికి ఒక గోనెసంచి. ఇంతకుమించి సామాను అక్కర్లేదు.

ఆ పుస్తకం అసలు విలువ ఒక ఏడు సంక్రాంతి వెళ్ళాక తెలిసింది. మందలో రెండు మగపిల్లలు మిగిలాయి. ఒకటి నల్లది, నిగనిగలాడుతూ పదిహేను కిలోలు దాటింది. రెండోది ఎర్రది, పన్నెండు కిలోల పైచిలుకు. నల్లదాన్ని విత్తనానికి ఉంచాలని, ఎర్రదానికి విత్తులు నొక్కించాలని నాన్న నిర్ణయం. పటకారు పట్టుకుని మనిషి వచ్చేశాడు. మా చెల్లి ఎర్రపిల్ల కాళ్ళు పట్టుకుని కూర్చుంది. మావయ్య కూడా నాన్న వైపే: "ఒరే, కళ్ళకి కనపడతంది కదరా, ఇంకా ఆ పుస్తకం ఏటి సెప్తాది?"

పుస్తకం ఏం చెప్పిందంటే, నల్లదానికి రెండు వందల రోజులు, ఎర్రదానికి నూట యాభై. పుట్టిన తూకం తీసేసి లెక్క కడితే నల్లది రోజుకి అరవై నాలుగు గ్రాములు ఎదిగింది, ఎర్రది డెబ్బై. నల్లది ఒంటి పిల్ల, తల్లి పాలన్నీ దానివే. ఎర్రది కవల, సగం పాలతో పెరిగింది. దాని తల్లికి రెండు ఈతల్లోనూ కవలలే, నాలుగూ బతికాయి. మా గంజాం మేకల్లో ఎక్కువ ఈతలు ఒంటి పిల్లే కాబట్టి అది చిన్న విషయం కాదు. నల్లదాని తల్లి మాత్రం ఒక ఈతకీ మరో ఈతకీ మధ్య ఏడాది దాటించేసేది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెల్లితో, "దాన్ని వదిలెయ్యమ్మా, ఆ నల్లదాన్ని పట్రా" అన్నాడు. నల్లది రజకి ఖాసీగా మంచి ధరకి పోయింది. ఎర్రపోతు మందలో ఉండిపోయింది. దాని పిల్లలు మూడు నెలల తూకంలో అంతకుముందు పిల్లల్ని దాటేశాయి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, మేత బాగుంది అని మావయ్య ఇప్పటికీ అంటాడు. నేను మాత్రం అది రక్తంలోంచి వచ్చిందనే అంటాను.

నేను వేసుకునే అంకెలో సగం తల్లిది: ఏడాదికి ఎన్ని పిల్లల్ని బతికించి సంత దాకా తెచ్చిందో. మిగతా సగం పిల్ల ఎదుగుదలది. కవల పిల్లకి, తొలిచూలు పిల్లకి కొంత కలపాలి, లేకపోతే ప్రతిసారీ ఒంటి పిల్లే గెలుస్తుంది. ఎదుగుదల తండ్రి నుంచి బాగానే దిగుతుంది, కవలల గుణం అంత తొందరగా దిగదు. అయినా దాన్ని వదలకూడదు, ఎందుకంటే డబ్బు అక్కడే ఉంది. అమెరికా వాడి అంకెలో దాణా ఖర్చుకి చోటుంది. మనం కొండ మీద మేపుతాం, మన ఖర్చు కాపరి కూలి, పారుడు రోగానికి పోయే పిల్లలు. వాళ్ళ అంకె తెచ్చి మన మందకి అతికిస్తే నష్టపోతాం. పద్ధతి మాత్రం తీసుకోవాలి.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. పథకం కింద బయటి జాతి పోతుల్ని పంచుతారు. చెవులు పొడుగు, ఒళ్ళు భారీ, ఫోటోకి బాగుంటాయి. దాని తల్లి ఎన్ని పిల్లల్ని పెంచింది, మూడు నెలలకి దీని తూకమెంత అని అడిగితే ఒక్క కాగితం ఉండదు. మా ఊళ్ళో దిగినవి కొండెక్కలేక దొడ్డిలోనే నిలబడ్డాయి. ఇంకో బాధ సంతలో. కాటా లేదు. బేరగాడు నడుం దగ్గర చెయ్యి వేసి, ఎత్తి చూసి ధర చెప్తాడు. తూకానికి విలువ లేని చోట తూకం రాసే కాపరి ఎక్కడ పుడతాడు?

2024 అక్టోబరులో మహారాష్ట్రలోని వాశింలో ప్రధాని గౌ చిప్, మహిష్ చిప్ విడుదల చేశారు. ఆవులకి, గేదెలకి జన్యువుల్లోంచే గుణాన్ని అంచనా కట్టే సాధనాలవి. మేకకీ అలాంటిది రావాలని నా కోరిక. కానీ చిప్ చెప్పే మాట నిజం కావాలంటే వెనకాల వేల పశువుల తూకాలు రాసి ఉండాలి. అవి మనమే రాయాలి.

ఒక్క మందతో ఇది సాగదు. ఇథియోపియాలో 2009 నుంచి గొర్రెల కాపర్లు ఊళ్ళకి ఊళ్ళే కలిసి ఈ పని చేస్తున్నారు: అందరి పిల్లల్నీ తూచి, అంకెల వారీగా మంచి పొట్టేళ్ళని తేల్చి, వాటిని కలిసి వాడుకుంటారు. మన దగ్గర అది కుదరకపోవడానికి కారణమేమీ లేదు. ఒకే పోతుని ఎక్కువ కాలం ఉంచితే తన కూతుళ్ళనే కడుతుంది కాబట్టి, రెండేళ్ళకోసారి ఎలాగూ మార్చాలి. గుణుపురం, పర్లాకిమిడి వైపు మందలున్నవాళ్ళు ఎవరైనా తూకాలు రాస్తుంటే చెప్పండి. మా ఎర్రపోతు కొడుకు ఒకటి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, బదులుగా మీ మందలో కవలల్ని ఈనే తల్లికి పుట్టిన పోతు ఒకటి కావాలి, దాని తూకాల కాగితంతో సహా.