జేజిని తిట్టిన మాట

అనంతపురం

అమ్మాయీ,

నీ ఇంగ్లీషు కథ నిన్న రాత్రి చదివాను. చారు కాచాక మిగిలిన చింతపండు పిప్పిని జేజి పారేయకుండా దాచి, దాంతో ఇత్తడి చెంబు తోమే చోట నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే ఆమెను ‘పార్సిమోనియస్’ అన్నావు. కోపం వచ్చింది. ఆ మాట పిసినారిని తిట్టేది. పొదుపరిని మెచ్చుకోవాలంటే ‘ఫ్రూగల్’ ఉంది. జేజిని తిట్టాలని నీకు లేదు కదా?

మీ నాన్న సంగతీ అంతే. చెనిక్కాయ పంట ఎండిపోయి గడప మీద గమ్మున కూర్చున్న మనిషిని ‘సల్లెన్’ అన్నావు. అది ఎవరి మీదో అలిగి మూతి ముడుచుకున్నవాళ్లకు వాడే మాట. ఆయన అలగలేదు, ఆశ వదులుకున్నాడు. దాన్ని ‘డెస్పాండెంట్’ అంటారు. మా పెదనాన్న కూడా గమ్మునే ఉండేవాడు, పండగ రోజు కూడా. అది ‘టాసిటర్న్’. ఒకటి ఆ పూట మనసు, ఇంకొకటి పుట్టుకతో వచ్చిన తీరు.

రోజుకు యాభై మాటలు, ఒక్కోదానికి ఒకే అర్థం ఇచ్చే పుస్తకాలంటే నాకు పడనిది ఇందుకే. 1980ల్లో ఒక ఎడిటర్ నా కథ తిప్పి పంపుతూ ఇంగ్లీషు చప్పగా ఉందన్నాడు. ఆ పౌరుషంతో థిసారస్ కొని, ప్రతి మనిషికీ మూడేసి విశేషణాలు తగిలించాను. థిసారస్ దగ్గరి మాటలను ఒకచోట చేరుస్తుందే గానీ వాటి మధ్య తేడా చెప్పదు. ఆ కథలు అచ్చయ్యాయి, కానీ వాటిలో ఒక్క మనిషి ముఖమూ కనబడదు. ఆరేళ్లు అలా పోయాయి. ఆ ఎడిటర్ మీద కోపం ఇంకా తగ్గలేదు.

నలుగురితో కలిసి ఉండటం ఇష్టపడేవాణ్ని చెప్పే ‘గ్రెగేరియస్’ నాకు పట్టుబడింది మాత్రం, దాని మూలం లాటిన్‌లో ‘మంద’ అని తెలిసిన రోజున. మా ఊరి గొర్రెల కాపరి మెదిలాడు, పక్కన నలుగురు లేకపోతే టీ కూడా తాగడు. మాటకు మనిషి దొరికాడు, ఇక మరవలేదు. నువ్వూ అలాగే నేర్చుకో, వారానికి ఒక్కటైనా చాలు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర తన నిఘంటువులో మన తెలుగు మాటలకు అర్థం రాసి ఊరుకోలేదు, వాడుక కూడా ఇచ్చాడు. కడపలోని ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది, ఒకరోజు వెళ్లి ఆ నిఘంటువు తిరగేయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు ఆ పేజీని జేజికి తెలుగులో చదివి వినిపించు. ఆమె ఏమందో నాకు రాయి.