చార్మినార్ చూడ్డానికి వెళ్తే ముందు గుల్జార్ హౌజ్ దగ్గర ఆగండి

హైదరాబాద్ నడిబొడ్డు అంటే చార్మినారేనా, ఒక్క పూటే ఉంటే అక్కడ ఏం చూడాలి అని అడిగారు కదా. నా మాట వింటే ముందు చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న పాత నీళ్ల తొట్టి, గుల్జార్ హౌజ్‌కు వెళ్లండి. డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు ఆ చుట్టుపక్కలే ఒక వెండి దుకాణంలో లెక్కలు రాశాను. నాకు తెలిసిన పాతబస్తీ అంతా ఆ హౌజు చుట్టూనే తిరుగుతుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించిన రోజుల్లోనే దానికి ఉత్తరాన, రాజమహళ్ల ముందు పెద్ద మైదానం వదిలారు. జిలూఖానా అనేవారు. సైన్యం కవాతు అక్కడే. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, అంటే తోరణ ద్వారాలు, నడుమ ఈ నీళ్ల హౌజు. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్. మహళ్లలోకి దారి పడమటి కమాన్ నుంచే. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. కాలక్రమంలో మహళ్లు కనుమరుగయ్యాయి, మైదానంలోకి దుకాణాలొచ్చాయి. ఇప్పుడు చూసేవాళ్లకు అది నాలుగు రోడ్ల కూడలే. హౌజు పక్కన నిలబడి నాలుగు కమాన్లనూ ఒక్కొక్కటిగా చూడండి, ఒకప్పుడు ఎంత జాగా ఖాళీగా ఉండేదో అర్థమవుతుంది.

పొద్దున షట్టర్లు తెరవకముందు అక్కడ దోసె బండ్లదే రాజ్యం. వెన్న వేసిన దోసె, తవా ఇడ్లీ. తర్వాత వెండి, బంగారం, ముత్యాల బేరాలు మొదలవుతాయి. పెళ్లిళ్ల కాలంలో మా నల్గొండ వైపు నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి.

ఊరేగింపుల రోజులు మాత్రం చూసి తీరాలి. బోనాలప్పుడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద ఈ దారినే నయాపూల్‌కు వెళ్తుంది. మొహర్రంకు బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపుగా వస్తుంది. బాలాపూర్ నుంచి బయల్దేరిన గణపతి ఊరేగింపూ చార్మినార్ మీదుగానే సాగుతుంది. ఏ ఊరేగింపైనా మా దుకాణం మెట్ల మీద పక్కపక్కనే నిలబడి చూసేవాళ్లం, ఎవరిది ఏ మతమని అడిగినవాళ్లు లేరు.

బాధ కలిగించేదీ ఉంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు, అందులో పసిపిల్లలూ ఉన్నారు. కింద దుకాణం, పైన ఇల్లు, ఇరుకు మెట్లు: అక్కడ చాలా భవనాలు ఇలాగే ఉంటాయి. కమాన్లకు సున్నం, రంగులు వేస్తే చాలదు, వాటి చుట్టూ బతుకుతున్నవాళ్లకు బయటపడే దారి ఉండాలి. ఈ పని ముందు జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వెళ్లే దారి: ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రోలో దిగి నయాపూల్, మదీనా కూడలి మీదుగా నడవండి. పత్తర్‌గట్టి రాతి వరండాల కింద నుంచి వెళ్తే ఎండ తగలదు, నేరుగా మచ్లీ కమాన్ దగ్గరికి చేరతారు. హౌజు చూసి చార్మినార్, మక్కా మసీదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు జనం ఎక్కువ, ఆ వేళ తప్పించండి. ఇంట్లోవాళ్లకు లాడ్ బజార్ లక్క గాజులు తేవాలంటే ఆఖరున వెళ్లండి, కనీసం గంటసేపు చేతిలో ఉంచుకోండి.